కందుకోపమానమును ఉద్దానభూమియును

ఏనుగు లక్ష్మణకవి తెనిగించిన భర్తృహరి నీతిశతకమున మానవుని కందుకముతోడను మృత్పిండముతోడను పోల్చిన కందపద్య మొకటి కలదు. సుజనుడు బంతివలె క్రిందబడియు మరల పైకెగయుననియు, మందుడు మట్టిముద్దవలె పడినచోటనే యడగియుండుననియు దాని తాత్పర్యము. తెలుగుబడిలో నాలుగక్షరములు నేర్చినవారిలో దీని నెరుగనివా రరుదు. పద్యము చిన్నది, ఉపమానము కంటికి కట్టునది, అన్వయక్లేశము లేదు. కావున పండితులు దానిని తరతరములుగా బాలురచే వల్లె వేయించుచున్నారు. ఇటీవల వ్యక్తిత్వవికాసమను పేర వెలువడుచున్న పుస్తకములకును బీజమిదియే యని చెప్పవచ్చును. యండమూరి వీరేంద్రనాథ్ గారి ‘విజయానికి ఐదు మెట్లు’ మొదలైనవి విరివిగా చదువబడుటచే తెలుగున నీజాతి గ్రంథముల కొక పీఠ మేర్పడినది. వాని గుణదోషవిచారము నాకిచట ప్రస్తుతము కాదు. ఆంగ్లేయులు ఈ యర్థమున వాడు రిజిలియెన్స్ అను మాటకు లాటిను ధాతువునుబట్టి వెనుకకు దుముకుట యని యర్థము. అనగా పాశ్చాత్యుల పదములో దాగియున్నదియు మన పద్యములోని బంతియే. రెండు దేశములవారు నొక్క యుపమానమునే పట్టుకొనిరన్నచో అందు కొంత సత్యముండి తీరవలయును. ఆ సత్యమెంత, ఆ యుపమానము విడిచిపెట్టినదేమి యనునదే నాకు విచార్యము.

ఇది వట్టి యలంకారచర్చ కాదు. శ్రీకాకుళము జిల్లాలో కవిటిలోనో మందసలోనో వజ్రపుకొత్తూరులోనో యొక పాఠశాలను తలచుకొందము. పండితుడీ పద్యమును చెప్పుచున్నాడు. ఎదుట కూర్చున్న బాలుని తండ్రి కిడ్నీజబ్బుచే పని మానినవాడు. వారమునకు రెండుమూడు మారులు డయాలసిస్‌కై ఆసుపత్రికి పోవలసినవాడు. ఉన్న తోట తుపానునకు కూలినది. సుజనుడు లేచును, మందుడు లేవడు అని పండితుడు తాత్పర్యము చెప్పగా ఆ బాలుడు తన తండ్రిని ఏ తరగతిలో చేర్చుకొనవలెను? కొంచెము తర్కము తెలిసిన బాలుడైనచో రెండవదానిలోనే చేర్చును. ఉపమానదోషము కావ్యమున నున్నచో రసభంగము కలుగును. పాఠమున నున్నచో నొక బాలుని యింటికి అవమానము కలుగును. కనుక ఈ పద్యమును పరీక్షించుటకు ఉద్దానమునకంటె తగిన స్థలము నాకు కానరాదు.

పలాసకు తూర్పున సముద్రము వెంబడి ఉత్తరముగా ఇచ్ఛాపురమువరకు వ్యాపించిన తోటలసీమను ఉద్దానమందురు. వజ్రపుకొత్తూరు, పలాస, మందస, సోంపేట, కంచిలి, కవిటి, ఇచ్ఛాపురము మండలములు దీనిలోనివి. కొబ్బరి, జీడి, పనస, మామిడి యచటి సంపద. పలాస జీడిపప్పు దేశమెల్ల నెరిగినదే. ఉద్దానమనునది ఉద్యానశబ్దభవమని జనులందురు. ద్యకారమునకు ప్రాకృతమున జ్జకారము వచ్చుట సామాన్యము గావున వైయాకరణుల కిట కొంత సంశయము కలుగవచ్చును. సంస్కృతమున ఉద్దానశబ్దమునకు బంధనమను నర్థ మొకటి కలదు. వ్యుత్పత్తి యెట్లున్నను ఆ తోటలను చూచినవారు జనుల వ్యుత్పత్తినే మెచ్చుకొందురు. ఆ తోటలే యాధారముగా బ్రదుకువారి కష్టము నెరిగినవారికి రెండవ యర్థమును స్ఫురించును.

2018 అక్టోబరు 11వ తేదీ వేకువను తిత్లీ యను తుపాను పలాసకు సమీపముననే తీరము దాటినది. తిత్లీ యనగా సీతాకోకచిలుక. పేరులు పెట్టువారి పరిహాసము కొన్నిమార్లు క్రూరముగా నుండును. గాలి గంటకు 140 మొదలు 150 కిలోమీటర్ల వేగమున వీచి, విసురులలో 165 వరకు పోయినది. అంతకు ఐదేండ్లు ముందు 2013 అక్టోబరున ఫైలిన్ తుపాను గోపాలపురము వద్ద తీరము దాటుచు ఈ సీమను తాకిపోయియుండెను. తిత్లీ మాత్రము నడినెత్తినే పడినది. కొబ్బరితోటలు, జీడితోటలు వరుసలు వరుసలుగా నేలకొరగినవి. దేశవాళి కొబ్బరి నాటినపిమ్మట కాపునకు వచ్చుటకు ఆరేడేండ్లు పట్టును. కొబ్బరిచెట్టును కన్నకొడుకుతో పోల్చుట కోస్తాజిల్లాలందు వాడుక. ఆ పోలిక యొక్క తూకము ఆ యుదయమున తెలిసినది.

ఇక ఉపమానమునకు వత్తము. బంతి యెగయుటకు కారణమేమి? బంతిలో బిగించిన గాలి యొకటి. అది తాకిన నేల గట్టిగా నుండుట రెండవది. పద్యము మొదటిదానిని సుజనుని స్వభావముగా గ్రహించి రెండవదానిని మరచినది. రాతిబండపై నెగసిన బంతియే యిసుకమీద పడినచో పడినచోటనే యుండును. ఉద్దానపు తీరభూమి యిసుకనేల. ఈ మాటను చమత్కారమునకై చెప్పలేదు. ఉపమానమునం దుపేక్షితమైన యాధారము నెత్తిచూపుటయే నా యుద్దేశము. పతనమునకు మూడంగములు కలవు: పడువాడు, పడినయెత్తు, పడినచోటు. నీతికారుడు మొదటిదానిని మాత్రమే లెక్కించెను.

ఆ సీమలోని రెండు చెట్లనే చూచినను ఈ విషయము తెల్లమగును. కొబ్బరిచెట్టునకు ఎదుగుదల యంతయు శిరస్సుననున్న మొవ్వు నొక్కదానియందే యున్నది. మొవ్వు విరిగిన కొబ్బరి యెంత పెంచినను మరల చిగుర్చదు. మ్రానుగా నిలిచి యెండిపోవును. జీడిచెట్టు అట్లు గాదు. వేరు చెక్కుచెదరకున్నచో నరికిన మోడునుండియు చిగురు వేయును. కొబ్బరి మందమనియు జీడి సుజనమనియు నే తోటమాలియు ననడు. ఏ చెట్టు ఎచట విరిగినదో చూచి, దీనికి కత్తి, దానికి క్రొత్తమొక్క యని నిర్ణయించును. నీతిపద్యవ్యాఖ్యాతకు ఆ తోటమాలి బుద్ధి యవసరము.

పద్యపాఠమును కొంత సూక్ష్మముగా చూడవలెను. సంస్కృతమూలమున నొక పాఠమునందు ‘ప్రాయః’ అను పదము మొదటనే యున్నది. అనగా తరచుగా నట్లగును గాని నియమము లేదని కవి తన మాట కెడము పెట్టుకొన్నాడు. ఆ స్థానమున ‘యథా’ యను పాఠాంతరమును కలదు. లక్ష్మణకవి తెలుగున ఆ యెడము లేదు. ఉన్నదియల్ల నిశ్చయార్థకమైన క్రియయే. అంతేగాక మట్టిముద్ద లేవకుండుటకు మూలమున లేని హేతు వొకటి తెలుగున చేరినది, అది కృపణత్వము. ఛందస్సు నింపుటకు వచ్చిన పదమని కొందరనవచ్చును. కాని పద్యాంతమున నిలిచిన మాట వినువాని చెవిలో నిలుచును. లక్ష్మణకవి ప్రతిభను తగ్గించుట నా యభిమతము కాదు. ఎలకూచి బాలసరస్వతి, పుష్పగిరి తిమ్మన కూడ భర్తృహరిని తెనిగించియుండగా జనుల నాలుకలపై నిలిచినది ఇతని పద్యములే గదా. అంత వ్యాప్తి గల పద్యమున నొక్క పదముయొక్క బాధ్యతయు నంత పెద్దదగును.

ఆ కృపణత్వమనునది నిజముగా మందుల లక్షణమేనా? భగవద్గీత రెండవ యధ్యాయమున అర్జునుడు తన స్వభావము కార్పణ్యదోషముచే హతమైనదని తానే చెప్పుకొనెను. గాండీవము జారవిడిచి రథముపై కూలబడినవాడు అర్జునుడు. పద్యమును బట్టి యతడు మృత్పిండము కావలెను. అతడు లేచినది స్వభావబలముచేత గాదు. పదునెనిమిది యధ్యాయముల యుపదేశముచేత. ప్రక్కను సారథి లేకున్నచో అతనిగతి యేమైయుండెడిదో యూహించుకొనవచ్చును.

ఇచట పూర్వపక్షమునకు చోటు కలదు. ఉపమానము సర్వాంశములందు సరిపోవలయునను నియమము లేదు, ముఖము చంద్రునివలె నున్నదన్నపుడు మచ్చను వెదకరాదు, కందుకమున నెగయుట యను నొక్క సాధారణధర్మమే వివక్షితము అని ఆలంకారికు లందురు. ఇది న్యాయమైన యాక్షేపణ. అయితే ఇచట కవి సాధారణధర్మమును చెప్పి యూరకుండలేదు. రెండు వస్తువులను తెచ్చి, రెండు మానవజాతులుగా విభజించి, తెలుగున హేతువును గూడ చెప్పెను. విభాగము చేసినవాడు విభాజకమునకు ఉత్తరము చెప్పవలెను. మచ్చను వెదకుట తప్పే. మచ్చయే ముఖమునకు కారణమని కవి చెప్పినపుడు ప్రశ్నింపకుండుటయు తప్పే. మృత్పిండము నీచోపమానముగా వాడుట యేలయో కూడ నాకు తెలియకున్నది. విత్తు మొలచునది మట్టిముద్దలోగాని బంతిలో గాదు.

నీతికారునికంటె మన లాక్షణికు లీ విషయమున లోతైనవారు. కష్టమున చెదరని చిత్తస్థితికి వారు పెట్టిన పేరు ధృతి. ముప్పదిమూడు వ్యభిచారిభావములలో నది యొకటి. ఈ వర్గీకరణమునందే గొప్ప వివేకమున్నది. ధృతి స్థాయి కాదు. అది వచ్చును, పోవును, మరల వచ్చును. విషాదము, చింత, దైన్యము, నిర్వేదము మొదలైనవానితో నొకే పంక్తిని కూర్చుండును. ఉదయమున ధృతి గలవాడే సాయంకాలమున విషాదమగ్నుడు కావచ్చును. అందుచే నతడు మందుడని శాస్త్రము చెప్పదు. మరియు వ్యభిచారి యైనను దానికి విభావములుండవలెను. భరతుడు ధృతికి శౌర్యము, విజ్ఞానము, శ్రుతి, విభవము, శౌచము, ఆచారము, గురుభక్తి, అధికముగా అర్థము లభించుట, క్రీడ మొదలైనవానిని విభావములుగా చెప్పెను. పొందినదాని ననుభవించుట, పొందనిదానికిని పోయినదానికిని శోకింపకుండుట అనుభావములు. తరువాతివారు పట్టికను కుదించి జ్ఞానము, ఇష్టార్థలాభము మొదలగువానిని ముఖ్యముగా గ్రహించిరి. ఈ పట్టికలో విభవమును, అర్థలాభమును ముని సిగ్గుపడక చేర్చుట గమనింపదగును. చేతిలో నేమియు లేనివానిని చూచి నీకు ధైర్యమేల లేదని యడుగుట భరతునిమతమున విభావము లేకయే భావము నడుగుట. అట్టి నాటకము రంగమున నిలువదు.

ధీరుని లక్షణము చెప్పినవారిలో కాళిదాసు ముఖ్యుడు. కుమారసంభవము మొదటి సర్గమున, మనస్సు చెదరుటకు హేతువు లెదుట నుండగా చెదరనివారే ధీరులని యతని యభిప్రాయము. దీనిని మనవారు తరచుగా నుదాహరింతురు. కాని యా హేతువులను తొలగింపరాదని కవి యెచటను చెప్పలేదు. ధీరత్వము నిలుపుటకై హేతువును గూడ నిలిపియుంచుట వినోదము కోరువారి పని. తుపాను పిమ్మటను, వ్యాధివార్తల నడుమను ఉద్దానవాసుల ధైర్యమును దూరమునుండి ప్రస్తుతించు వ్రాతలలో ఈ దోషము కొంత యున్నది. స్తుతింపబడినవాని చెరువు, వాని నీరు, వాని యప్పు ఎట్లున్నదో యా వ్రాతలలో కానరాదు.

మన కావ్యములలో ధృతికి విభావములను చక్కగా చూపిన కథ నలోపాఖ్యానమని నా తలంపు. కథాప్రసంగమే చూడుడు. అర్జునుడు దివ్యాస్త్రములకై పోయియుండగా కామ్యకవనమున ధర్మరాజు బృహదశ్వమహర్షితో, తనవంటి దుఃఖభాగి యగు రాజు లోకమున నుండెనా యని వాపోయెను. ఇది పడినవాని సహజప్రశ్న. అందులకు మహర్షి నలుని కథ చెప్పెను. నలుడు పడిన విధ మెట్టిది? పుష్కరునితో జూదమాడి రాజ్యము కోల్పోయెను. అడవిలో నిదురించుచున్న భార్యను, ఆమె కట్టుబట్టలో సగము కోసికొని, విడిచిపోయెను. కర్కోటకుని కాటుచే వికృతరూపుడై బాహుకుడను పేర ఋతుపర్ణునికడ గుఱ్ఱములశాలలో కొలువు చేసెను. ఈ దశలో నతనిని చూచినవా డెవ్వడును కందుకమనడు. పుణ్యశ్లోకుడను పేరు గలవాడే మృత్పిండమువలె పడియున్నాడు.

అతడు లేచిన క్రమము మరియు చూడదగినది. కర్కోటకుని విషము మొదట దండనవలె కనబడినను లోనున్న కలిని దహించినది. మరుగుపరచిన వికృతరూపమే రక్షగా పనిచేసినది. ఋతుపర్ణుని కొలువు అన్నము పెట్టినది, చేతనున్న విద్య చెడకుండ కాచినది. దమయంతి విదర్భకు చేరి బ్రాహ్మణులను దేశదేశములకు పంపి, తాను చెప్పిన మాటలకు బదులు చెప్పువానిని వెదకించినది. పునఃస్వయంవరమను నెపమున రప్పించినది. ఒక యుపాయశాలినియైన స్త్రీ వెలుపలినుండి త్రాడు వేయుచున్నది. చివరకు దారిలో తాండ్రచెట్టు చెంత ఋతుపర్ణుడు చూపుమాత్రమున ఆకులను కాయలను లెక్కించి చెప్పెను. నలుడు మాట నమ్మి యూరకుండక రథమాపి, చెట్టు పడగొట్టి తానే లెక్కించి చూచెను. లెక్క సరిపోగా తన యశ్వహృదయము నిత్తునని చెప్పి యక్షహృదయమును పుచ్చుకొనెను. ఆ విద్య చేరిన క్షణముననే కలి అతని దేహమును విడిచెను. కవి యెంత నిశ్చయముగా చెప్పెనో చూడుడు! కలి విడిచినది ప్రార్థనచేత గాదు, మనస్సు గట్టిచేసికొనుటచేత గాదు. తన్ను పడద్రోసిన యాటలోని రహస్యము తెలియుటచేత. అదియును దానముగా గాక, మారకముగా లభించినది. దమయంతి రెండవ స్వయంవరవార్త విన్నప్పుడు నలుని మనస్సు పడిన తల్లడము, తాండ్రచెట్టు కడ నిమ్మళించి లెక్కపెట్టుటకు నిలుచుట — ఈ రెండింటి నడుమ దూరమే యతని యెదుగుదల.

మహర్షియు కథ చెప్పి చేతులు దులుపుకొనలేదు. మూలభారతమున ఉపాఖ్యానాంతమున బృహదశ్వుడు ధర్మరాజునకు అక్షహృదయమును ఉపదేశించెను. ఓదార్పుతోడ నుపాయమును గూడ నిచ్చినవాడు మహర్షి. ఓదార్పుమాత్రమే యిచ్చినచో ధర్మరాజు తిరిగి జూదమునకు పిలువబడినపుడు తిరిగి యోడును గదా. కథను పాఠముగా చెప్పునపుడు ఈ చివరి ఘట్టమును విడిచిపెట్టు అలవాటు కలదు, అది యనుచితము.

ద్రౌపదీధృతిని గూర్చి రెండుమాటలు చెప్పి ముందునకు పోయెదను. విరాటపర్వమున కీచకునిచే నవమానింపబడిన యామెను తిక్కన మౌనముగా సహించినదానిగా చిత్రింపలేదు. ఆమె సభలో నడిగినది; ఫలములేకపోగా రాత్రివేళ భీముని చెంతకు పోయినది; ఏడ్చినది; పిమ్మట నర్తనశాలయుపాయము నడిపినది. ఏడ్పు ఆమె ధృతికి విరోధి కాలేదు. భవభూతి యుత్తరరామచరితము మూడవ యంకమున, పొంగివచ్చిన చెరువునకు అలుగు తీయుటయే ప్రతిక్రియ యైనట్లు శోకక్షోభమున విలాపమే హృదయమును నిలుపునని యర్థము వచ్చునట్లు చెప్పించెను. ఏడ్వకుము, ధైర్యముగా నుండుము అని మందలించుట అలుగు మూసి గట్టును పొగడుటవంటిది.

ఈ జిల్లావారే యైన కాళీపట్నం రామారావుగారు ఈ విషయమును వేరొక వైపునుండి పట్టిరి. ఆయన 1924లో జన్మించినది శ్రీకాకుళము జిల్లా మురపాకయందు. ఆయన ‘యజ్ఞం’ కథలో అప్పల్రాముడు పెద్దల తీర్పునకు తలవంచి అప్పు తీర్చుటకు సిద్ధపడును. మాట నిలిపినవాడని మర్యాద దక్కును. నీతిశతకముల దృష్టితో చూచినచో నతడే ధీరుడు. కాని యతని కుమారుడు సీతారాముడు ఆ మర్యాదకు వెల తన బిడ్డ యొక్క దాస్యమని గ్రహించి ఆ పసివానిని తానే నరకును. ఈ ముగింపును గూర్చి విమర్శకులు చాల వాదించిరి. దానిని ఆదర్శముగా గ్రహింపరాదు. అట్లు గ్రహింపుమని కథయు చెప్పదు. విభావమునే యీయక ధృతిని మాత్రము తరతరములుగా కోరు సంఘమునకు కథకుడు చూపిన లెక్క అది. ఆ కథ చదివినపిమ్మట కందుకపద్యమును పూర్వమువలె చదువుట నాకు సాధ్యము కాలేదు.

శాస్త్రమునకును కావ్యమునకును నడుమ నొక చరిత్రపురుషుని నిలుపవలెనన్న గిడుగు వేంకట రామమూర్తిగారిని మించినవారు ఈ సీమకు లేరు. ఆయన 1863లో శ్రీకాకుళమునకు చేరువ పర్వతాలపేటలో జన్మించి, టెక్కలికి దూరముగాని పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా నుండి, సవరల భాషను నేర్చి, దానికి లిఖితరూపమును వ్యాకరణమును కల్పించిరి. కొండసీమ జ్వరమునకు పుచ్చుకొన్న క్వినైను చేత వారికి చెవుడు కలిగినది. ధ్వనులను పట్టి భాషను వ్రాసికొనువానికి చెవి పోవుటకంటె మించిన దెబ్బ యేమున్నది? అయినను సవరవ్యాకరణము 1931లో మద్రాసు ప్రభుత్వముచే ముద్రింపబడినది. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో చేర్పబడగా ఆ యూరు విడిచి రాజమహేంద్రవరము చేరిరి. 1940 జనవరిలో స్వర్గస్థులైరి. భరతుడు ధృతివిభావములలో చెప్పిన శ్రుతి యనుపదము వీరిపట్ల చిత్రముగా సార్థకమైనది: వినికిడి యను శ్రుతి పోయినను విద్య యను శ్రుతి నిలిచినది. అయితే ఆ విద్య యొంటరిది కాదు. ఇంటికి వచ్చి తమ మాటను నేర్పిన సవరలు, ఉద్యోగము, ఎదిగిన కుమారుడు, వాదములో తోడునిలిచిన మిత్రులు — ఇదియంతయు వారి క్రింది నేల. రామమూర్తిగారు జీవితమెల్ల నెదిరించిన గ్రాంథికముననే వారిని ప్రశంసించుట వింతయే. వారుండిన నవ్వి, ఈ వ్యాసములోని వ్యాకరణదోషములను వరుసగా నెత్తిచూపియుందురు.

ఇప్పుడు ఉద్దానపు వ్యాధిని గూర్చి. సుమారు మూడు దశాబ్దములుగా ఈ సీమలో దీర్ఘమూత్రపిండవ్యాధి ప్రబలియున్నది. మధుమేహము, రక్తపుపోటు లేనివారికి గూడ, పొలములలో పనిచేయు నడివయసువారికి గూడ నది వచ్చుచున్నది. నీరు, లోహములు, పురుగుమందులు, ఎండలో దాహముతో పనిచేయుట, నొప్పిమాత్రలు మొదలైనవానిని పరిశోధకులు పరీక్షించిరి; ఇదియే కారణమని యొక్కదానిని నిశ్చయింపజాలకున్నారు. సింహళమున ఉత్తరమధ్యప్రాంతమునందును, మధ్యామెరికాలో నికరాగువా, ఎల్ సాల్వడార్ చెరకుతోటల కూలీలయందును ఇట్టి వ్యాధియే కానవచ్చినది. అనగా కలి దేహములో నున్నాడు, అక్షహృదయము చేత చిక్కలేదు. తన పతనమునకు హేతువు తెలియనివాని ధృతి ఎట్టిదో మన లాక్షణికులకు ఉదాహరణము లేదు. నలుడు జూదమువలన చెడినానని యెరుగును. ఈ కూలీ యేమి చేయుటవలన చెడినాడో యెరుగడు. త్రాగిన నీటిని శంకించును, తిన్న తిండిని శంకించును, కొన్నిమార్లు పూర్వజన్మమును శంకించును.

విజ్ఞానము దొరకనిచోట ఇతర విభావములైనను చేర్చవలెను. కొంత చేరినది. పూర్వము డయాలసిస్‌కై విశాఖపట్టణమువరకు పోవలసియుండెను. తరువాత సోంపేట, పలాస, టెక్కలి ఆసుపత్రులలో యంత్రములు పెట్టిరి. 2019లో డయాలసిస్ రోగులకు నెలకు 10,000 రూపాయల పింఛను ఏర్పడినది. 2023 డిసెంబరున పలాసలో 200 పడకల ఆసుపత్రియు కిడ్నీపరిశోధనకేంద్రమును ప్రారంభింపబడినవి. హిరమండలము జలాశయమునుండి వంశధారనీటిని ఏడు మండలములకు తెచ్చు పథకమును నప్పుడే ప్రారంభించిరి. రాజకీయస్తుతినిందలతో నాకు పనిలేదు. నేను చూచుచున్నది భరతుని పట్టికను మాత్రమే: విభవము, శౌచము, అర్థలాభము. నాలుగుగంటలు యంత్రమునకు కట్టుబడి కూర్చుండి, ఇంటికి వచ్చి, మరునాడు కొబ్బరిపీచు పనికో జీడిపప్పు బట్టీకో పోవు మనుష్యుని మనస్థితిని గూర్చి వ్రాయువాడు ముందుగా ఆ ఆసుపత్రి యెంతదూరమో చెప్పవలెను. దూరము పదిమైళ్లయినచో నొక భావము, నూరుమైళ్లయినచో వేరొక భావము.

ఉద్దానవాసులు విభావములు చేకూరువరకు చేతులు కట్టుకొని కూర్చుండలేదనుటయు సత్యమే. మందస జమీందారీ అడవి కట్టెల తగవులో 1940లో గుడారి రాజమణిపురమున పోలీసుల తుపాకికి ఎదురునిలిచి మరణించిన గున్నమ్మను జనులు వీరగున్నమ్మ యనుచున్నారు. సోంపేట బీలభూములలో విద్యుత్కేంద్రము వలదని జనులు పోరాడగా 2010 జూలై 14న కాల్పులలో ప్రాణనష్టమైనది. ఆ దినముననే అప్పీలుపై పర్యావరణానుమతి రద్దైనది. బీల యేమి, అందలి నీరెంత, దానిపై నెందరు బ్రదుకుచున్నారు అని కాగితములమీద నిరూపించుట ఆ ఫలమునకు కారణము. ఇది చెట్టు పడగొట్టి ఆకులు లెక్కించుట వంటిది. దీనిని ధృతి యనుటకంటె ఉత్సాహమనుట శాస్త్రసమ్మతము. ఉత్సాహము స్థాయి గదా.

ఇక పండితమిత్రులకు కొన్ని కార్యాంశములు. కందుకపద్యమును పాఠములనుండి తీసివేయుమని నేననను, మంచి పద్యము. కాని టీకలో మూలమునందలి ‘ప్రాయః’ పాఠమును చూపవలెను. కృపణత్వమను చోట గీతలోని కార్పణ్యమును స్మరింపజేయవలెను. ఆ పాఠమునకు ప్రక్కనే నలోపాఖ్యానములోని తాండ్రచెట్టు ఘట్టమును బృహదశ్వుని యుపదేశముతోగూడ చదివించవలెను. బంతి యేల యెగయునని బాలురను బంతితోనే పరీక్షింపజేయుట యింకను మేలు. బడిముంగిట గట్టినేలయు, నాలుగడుగుల కవతల ఇసుకయు ఉద్దానమున సులభముగా దొరకును.

పరిశోధకులకు మిగిలియున్న పని వేరొకటి. తీరగ్రామములలో చావునకు స్త్రీలు పెట్టు శోకములు, జముకు వాయించి చెప్పు కథలు ఈ జిల్లా వాఙ్మయములో నొక భాగము. తిత్లీ కూల్చిన తోటలను గూర్చి, కిడ్నీజబ్బుచే పోయిన భర్తలను గూర్చి యా స్త్రీలు కట్టిన శోకములు కాగితముపైకి రావలెను. ధృతి గలదా లేదా యని తీర్పు చెప్పుటకు ముందు ఆ మాటలను వినుట విమర్శకుని ధర్మము. సేకరించువారు ఊరు, ఏడు, పాడినామె వయసు వ్రాసికొని, పాటలో నామె యెవరిని నిందించినది, ఎవరిని పేరుపెట్టి పిలిచినది, చివర నేమి యడిగినది అను మూడింటిని విడిగా గుర్తింపవలెను. రాగమును గూడ పట్టుకొనవలెను. పాటలను గ్రాంథికముగా దిద్దరాదు.